వీల్‌చైర్ నుంచి పడిపోయినప్పుడు: ఒంటరిగా లేవడం ఎలా, సాయానికి వచ్చినవారికి ఏం చెప్పాలి?

ప్రశ్న: ఒంగోలు టీచరు

అందరికీ నమస్కారం. ఒంగోలు సమీపంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిన్నప్పటి నుంచి వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. గాయం టీ12 స్థాయిలో, అంటే ఛాతీ భాగపు వెన్నుపూసల్లో చివరిదాని దగ్గర ఉందని డాక్టర్లు రాశారు. చేతులకూ ఛాతీకీ పూర్తి బలం ఉంది. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. మంచం మీదికి, కమోడ్ మీదికి, ఆటోలోకి నా అంతట నేనే మారగలను. నేల మీద పడితే తిరిగి కుర్చీలోకి ఎలా చేరాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

ఈ మధ్య బడికి వెళ్ళే దారిలో, మురుగు కాలువ మీద పరిచిన సిమెంటు బండల సందులో ముందు చిన్న చక్రం దిగబడి కుర్చీ అక్కడికక్కడే ఆగిపోవడంతో నేను ముందుకు పడ్డాను. పెద్ద దెబ్బలేమీ తగలలేదు, మోచేతులు చెక్కుకుపోయాయి. నన్ను ఇప్పటికీ కలవరపెడుతున్నది ఆ తర్వాత జరిగినదే. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు పరుగున వచ్చారు. ఇద్దరు చెరొక రెక్క పట్టుకుని గుంజారు, ఒకాయన ముఖాన నీళ్ళు చల్లాడు, ఇంకొకరు నా కుర్చీని మడిచి దూరంగా గోడకు ఆనించారు. "నిలబడమ్మా, నిలబడు" అని ఒక పెద్దావిడ అంటూనే ఉన్నారు. ఈ లాగులాటలో కాలికి కట్టుకున్న యూరిన్ బ్యాగు గొట్టం ఊడి బట్టలు తడిసిపోయాయి. అందరూ మంచి మనసుతో వచ్చినవారే. కానీ ఏం చేయమంటావని నన్ను అడిగినవారు ఒక్కరూ లేరు. నేను చెప్పబోయిన మాట ఆ గోలలో ఎవరి చెవినా పడలేదు.

అప్పటి నుంచి అమ్మా, అన్నయ్యా నన్ను ఒంటరిగా వీధిలోకి పంపడం లేదు. అన్నయ్య తన పని మానుకుని రోజూ కారులో దింపుతున్నాడు. ప్రధానోపాధ్యాయులు కూడా నా మంచి కోరే, తరగతి గదులకు తిరగకుండా స్టాఫ్ రూములోనే కూర్చుని రికార్డుల పని చూసుకోమంటున్నారు. వారి ఆదరణను కాదనను. అయితే ఒక్కసారి పడినందుకు నా జీవితం ఒక గదికి కుదించుకుపోవడం నాకు ఇష్టం లేదు.

నేను తెలుసుకోదలచినవి ఇవి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేల మీద నుంచి కుర్చీలోకి ఎలా ఎక్కాలి? బయట పడితే గుమిగూడినవారికి ఏం చెప్పాలి? స్పర్శ లేని కాలిలో ఎముక విరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఇంట్లోవారి భయానికి మీరు ఏం సమాధానం చెప్పారు?

జవాబు: హైదరాబాద్ నుంచి, చాలా ఏళ్ళుగా వీల్‌చైర్ వాడుతున్న వ్యక్తి

టీచరు గారూ, మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నేల మీద ఉన్నప్పుడు మొదట అక్కరకు వచ్చేది నోరే. జనం మీద కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు. పడినవారిని నిలబెట్టడమే సాయమని వారికి తెలుసు. నిలబడలేని మనిషి విషయంలో ఏం చేయాలో తెలియక చేతికందిన చోట పట్టుకుని లాగుతారు. కాబట్టి మీ మొదటి మాట ముందే సిద్ధంగా ఉండాలి, ఇంట్లో గొంతెత్తి అని అలవాటు చేసుకోవాలి కూడా. నేను అనేది ఇది: "ఆగండి, ఎవరూ పట్టుకోవద్దు. నాకు కాళ్ళు పనిచేయవు. ఎలా లేపాలో నేను చెబుతాను." ఆ తర్వాత గుంపుతో మాట్లాడకండి, ఒక మనిషిని ఎంచుకోండి. "నీలం చొక్కా అన్నా, ఆ కుర్చీ ఇటు తీసుకొచ్చి బ్రేకులు వేయండి" అని ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పండి. కుర్చీ తేవడం, బ్యాగు వెతకడం, బండ్లను పక్కకు మళ్ళించడం వంటి పనులు నలుగురికి పంచితే మీ చుట్టూ గాలి ఆడుతుంది. వాళ్ళు ఆ పనుల్లో ఉన్న కాస్త సమయంలో మీరు తల, మెడ, చేతులు, కాళ్ళు చూసుకోవచ్చు.

ఎత్తడానికి ఇద్దరు చాలు. మీరు రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. ఇద్దరిలో బలమైనవారు మీ వెనుక చేరి, మీ చంకల కింద నుంచి తమ చేతులు ముందుకు పోనిచ్చి మీ ముంజేతులను పట్టుకోవాలి. రెండోవారు మోకాళ్ళకు కాస్త పైన తొడల కింద చేతులు వేయాలి. కుర్చీ మీ పక్కనే ఉండాలి, "ఒకటి, రెండు, మూడు" అని లెక్క మీరే పెట్టాలి. ఆ లెక్క మీ నోట వచ్చిందంటే అక్కడ పెత్తనం మీదని వారికి అర్థమైనట్టే. రెక్కలు పట్టి లాగనిస్తే భుజాల కీళ్ళు దెబ్బతింటాయి. మనకు చేతులతో పాటు కాళ్ళ పని కూడా ఆ భుజాలే చేస్తున్నాయి గనుక వాటి విషయంలో మొహమాటం పనికిరాదు.

మనిషి బరువైతే ఇంకో మార్గం ఉంది, ఇది చాలామందికి తెలియదు. మిమ్మల్ని కుర్చీ దగ్గరికి ఎత్తడానికి బదులు కుర్చీనే మీ దగ్గరికి పడుకోబెట్టించండి. వీపు ఆనే భాగం నేలకు తగిలేలా కుర్చీని వెల్లకిలా పడుకోబెట్టి, మిమ్మల్ని అందులోకి జరిపి, పిరుదులు సీటుకు ఆని కాళ్ళు సీటు అంచు మీదుగా వాలేలా సర్దిన తర్వాత, ఒకరు వెనుక పిడులు పట్టుకుని, మరొకరు ముందు ఫ్రేమును పట్టుకుని కుర్చీతో సహా పైకి లేపుతారు. తలను మాత్రం మీరు ముందుకు వంచి ఉంచుకోవాలి. ఎక్కడ పట్టుకోవాలో కూడా చెప్పండి. కల్యాణ మండపంలో వేదిక మెట్లు ఎక్కించడానికి వచ్చే ఉత్సాహవంతులు చేతులు ఆనించుకునే ఆర్మ్‌రెస్టులను పట్టుకుంటారు. ఊడదీసే రకమైతే అది వారి చేతిలోకి వస్తుంది, మనం కిందికి వస్తాం.

ఇక ఇంట్లో ఒంటరిగా లేవడం. మీ గాయం స్థాయికి ఇది సాధ్యమే, కానీ బలం కన్నా ఒడుపు ముఖ్యం. ముందు కుర్చీని కాస్త వెనక్కి జరపండి; అప్పుడు చిన్న చక్రాలు ముందు వైపుకు తిరిగి నిలుస్తాయి, కుర్చీ ముందుకు తూలదు. బ్రేకులు వేసి కుషన్ తీసేయండి, ఎక్కాల్సిన ఎత్తు రెండు మూడు అంగుళాలు తగ్గుతుంది. కుర్చీకి వీపు పెట్టి కాస్త ఏటవాలుగా కూర్చుని, మోకాళ్ళు పైకి మడిచి, అవి పక్కకు పడిపోకుండా చున్నీతోనో బెల్టుతోనో కట్టుకోండి. ఒక చెయ్యి సీటు అంచు మీద, రెండో చెయ్యి పిడికిలి బిగించి నేల మీద ఉంచి, తలను కుర్చీకి దూరంగా ముందుకూ కిందికీ వంచుతూ ఒక్క ఊపున నొక్కండి. తల ఎంత కిందికి వెళితే నడుము అంత పైకి లేస్తుంది. మొదట్లో అంత ఎత్తు ఒకేసారి అందదు. దానికి మన ఇళ్ళలోనే సరంజామా ఉంది: ముందు భోజనాల పీట మీదికి, అక్కడి నుంచి అడుగు ఎత్తున్న గట్టి స్టూలు మీదికి, ఆ తర్వాత సీటు మీదికి. ఇంట్లో మెట్లు ఉంటే వాటినీ వాడుకోవచ్చు. వీపు మెట్ల వైపు పెట్టి, ఒక్కో మెట్టు మీదికి కూర్చుంటూ వెళ్ళి, సీటు ఎత్తుకు వచ్చాక పక్కన పెట్టించిన కుర్చీలోకి మారవచ్చు. కింద దిండు వేసుకోండి, మెట్టు అంచు చర్మాన్ని చీల్చినా మనకు తెలియదు.

పడేటప్పుడు ఏం చేయాలన్నది కూడా నేర్చుకోదగినదే. వెనక్కి పడుతున్నప్పుడు చేతులు వెనక్కి చాచకూడదు, మణికట్లు విరుగుతాయి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, ఒక చెయ్యిని తొడల మీద అడ్డంగా వేసుకుంటే మోకాళ్ళు వచ్చి ముఖానికి తగలవు. మీరు పడినట్టు ముందుకు పడటం చిన్న చక్రాల వల్లే జరుగుతుంది. బండల సందులనూ, ఇనుప జాలీలనూ వేగంగా దాటవద్దు; కుర్చీని తిప్పి పెద్ద చక్రాలతో వెనక్కి దాటడం చాలా చోట్ల సుళువు. పాదాలు పెట్టుకునే పలకకూ నేలకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఎడం ఉందో లేదో కూడా చూసుకోండి. తక్కువైతే అది గతుకుకు తగిలి కుర్చీని నిలేస్తుంది.

కుర్చీ వెనుక పుస్తకాల సంచీ తగిలించే అలవాటు ఉంటే మానేయండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువే వెనక్కి పడదోస్తుంది. వెనక్కి పడకుండా అమర్చే యాంటీ టిప్పర్ చక్రాలను నేనైతే ఎప్పుడో తీసేశాను; అవి ఉంటే గడపలూ గట్లూ ఎక్కడానికి కుర్చీ ముందు భాగాన్ని లేపడం కుదరదు.

జవాబు: చిత్తూరు నుంచి, విశ్రాంత ఫిజియోథెరపిస్టు

పై జవాబులో చెప్పిన పద్ధతులు సరైనవే, ఒక్క చివరి మాట తప్ప. యాంటీ టిప్పర్లు ఆయనకు అక్కర్లేకపోవచ్చు. కుర్చీని వెనుక చక్రాల మీద నిలిపి అదుపు చేయడం శిక్షకుల సమక్షంలో నేర్చుకోనివారు అవి తీసేయడం ప్రమాదకరం. నేల నుంచి ఎక్కడం కూడా మొదట ఒక మనిషిని పక్కన ఉంచుకుని, పరుపు వేసుకుని సాధన చేయండి.

మీ మూడో ప్రశ్న చాలా ముఖ్యమైనది. వెన్నుపాము గాయం తర్వాత కాళ్ళ మీద బరువు పడకపోవడం వల్ల, గాయం కింది ఎముకలు మొదటి రెండేళ్ళలోనే బాగా పెళుసుబారతాయి. ముఖ్యంగా మోకాలికి పైన తొడ ఎముక చివర, మోకాలికి కింద పిక్క ఎముక మొదట్లో, మంచం మీద నుంచి కుర్చీలోకి మారుతూ కాలు మెలిపడినంత మాత్రానికే విరిగిన సందర్భాలు నా వృత్తిలో చూశాను. నొప్పి ఉండదు గనుక కళ్ళతో, చేతులతో వెతకాలి. రెండు కాళ్ళనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి: ఒకటి వాచిందా, వేడిగా ఉందా, కమిలిందా, పాదం ఎప్పుడూ లేనట్టు బయటికి తిరిగి ఉందా, కదిలిస్తే లోపల గరగరమంటోందా? కాళ్ళు బిగుసుకుపోయే స్పాజమ్‌లు ఉన్నట్టుండి ఎక్కువైనా, కారణం తెలియని జ్వరం వచ్చినా అనుమానించాలి. పడిన రోజు ఏమీ కనబడక మర్నాటికి వాపు రావచ్చు, కాబట్టి రెండు మూడు రోజుల పాటు ఉదయం, సాయంత్రం చూసుకోండి. అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. నొప్పి లేదు గనుక విరిగి ఉండదని ఎవరైనా తేల్చేస్తే, స్పర్శ లేదన్న సంగతి వారికి గుర్తు చేయండి. ఎక్స్‌రేలో ఏమీ లేకున్నా వాపు తగ్గకపోతే సిరలో రక్తం గడ్డకట్టిందేమో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్‌తో చూడాలి.

మన ఇళ్ళలో వాపు కనబడగానే చేసే రెండు పనులు ఇక్కడ హాని చేస్తాయి. ఒకటి నూనె రాసి మర్దన చేయడం. లోపల ఎముక విరిగి ఉంటే అది ఇంకా పక్కకు జరుగుతుంది, గడ్డకట్టిన రక్తం ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. రెండోది వేడి కాపడం. వేడి తెలియని చర్మం మీద గోరువెచ్చగా ఉందనుకున్న నీళ్ళ సంచీ కూడా బొబ్బలెక్కిస్తుంది. గట్టిగా బిగించే నాటు కట్లకు కూడా వెళ్ళవద్దు; కట్టు కింద చర్మం ఒత్తుకుని పుండు పడినా కట్టు విప్పేదాకా తెలియదు.

చర్మాన్ని చూసుకోవడం తప్పనిసరి. పిరుదుల ఎముకలు, నడుము కింది భాగం, తొడల పక్క భాగాలు, మడమలు పొడవాటి పిడి ఉన్న అద్దంతో చూసుకోండి. గరుకు నేల మీద ఈడ్చినప్పుడు పడే గీత చిన్నదిగానే కనబడుతుంది, దాని మీదే గంటల తరబడి కూర్చుంటే పుండవుతుంది. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు రంగుకు రాకపోతే, వచ్చేదాకా దాని మీద బరువు పడనివ్వకండి. తలకు దెబ్బ తగిలి ఉంటే ఒకటి రెండు రోజులు ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి. వాంతులు, మత్తు, మాట తడబడటం, విడవని తలనొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. పడినప్పుడు స్పృహ తప్పినా, మెడ నొప్పి పుట్టినా, చేతుల్లో కొత్తగా తిమ్మిరి వచ్చినా కుర్చీలోకి ఎక్కించమని తొందరపడకుండా, కదలకుండా పడుకుని ఉండి అంబులెన్సు కోసం ఎదురుచూడాలి.

మీది టీ12 గనుక మీకు వర్తించదు గానీ, ఇది చదివేవారిలో టీ6 లేదా అంతకన్నా పై స్థాయి గాయం ఉన్నవారు ఉంటారు. వారికి కింద ఎక్కడైనా ఎముక విరిగినా, కేథటర్ (మూత్రాన్ని బయటికి తెచ్చే గొట్టం) మడతపడి మూత్రాశయం నిండినా, రక్తపోటు ఉన్నట్టుండి ప్రాణాపాయ స్థాయికి పెరగవచ్చు. తల పగిలిపోతున్నంత నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పై భాగంలో చెమటలు దీని గుర్తులు. అటువంటప్పుడు వారిని పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, ముందు కేథటర్ గొట్టం చూడాలి. వారి మామూలు రక్తపోటు తక్కువగా ఉండటం వల్ల, ఇతరులకు ఫరవాలేదనిపించే 130 కూడా వారికి ఎక్కువే కావచ్చు. ఆసుపత్రిలో ఈ మాట మీరే చెప్పాల్సి రావచ్చు.

నేల నుంచి కుర్చీలోకి మారడం నేర్పకుండా మిమ్మల్ని ఇంటికి పంపడం శిక్షణలో లోటు. మా ప్రాంతం వారు ఎక్కువగా వెళ్ళేది వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి. 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ ఆ తర్వాత వీల్‌చైర్‌లో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. అక్కడ 1966లో మొదలైన పునరావాస కేంద్రం ఆమె చలవే. వేలూరే వెళ్ళాలని కాదు. ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్య) విభాగం ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా, గాయమై ఎన్నేళ్ళయినా సరే, ఈ ఒక్క నైపుణ్యం కోసం శిక్షణ అడగవచ్చు.

జవాబు: నిజామాబాద్ నుంచి ఒక తల్లి

బిడ్డా, మా అబ్బాయికి కండరాల క్షీణత వ్యాధి. చేతుల్లోనూ బలం లేదు, కాబట్టి పైన సారు చెప్పినట్టు ఒంటరిగా లేవడం వాడి వల్ల కాదు. అటువంటివారి కోసం మేము పాటించేది రాస్తున్నాను. వాడు నేల మీద ఉన్నప్పుడు పక్కకు దొర్లించి, మందపాటి దుప్పటిని కిందికి పరిచి, దుప్పటి అంచులు పట్టుకుని పరుపు దగ్గరికి జరుపుతాం. చర్మం నేలకు రాసుకోదు. ఆ తర్వాత మనిషిని జోలెలో ఉంచి పైకి లేపే పరికరంతో, అంటే హైడ్రాలిక్ హాయిస్టుతో ఎత్తుతాం. అది లేనప్పుడు కుర్చీని వెల్లకిలా పడుకోబెట్టే పద్ధతే మాకు దిక్కు. లేపేవారు వచ్చేదాకా తల కింద దిండు పెట్టి, దుప్పటి కప్పి నేల మీదే ఉంచుతాం. నేల మీద అరగంట ఉండటంలో తప్పు లేదు, తొందరలో తప్పుగా ఎత్తడంలోనే ఉంది.

ఇంట్లో ఎక్కువ పడేది స్నానాల గదిలో. దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టి స్నానం చేయించడం చాలా ఇళ్ళలో ఉంది. సబ్బు నీళ్ళ మీద దాని కాళ్ళు జారి విచ్చుకుంటాయి. చక్రాలకు బ్రేకులున్న కమోడ్ కుర్చీ వచ్చాక మాకు ఆ బెంగ తీరింది. గడపను తీయించడానికి మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. సింహద్వారం గడపకు పసుపూ కుంకుమా ఉండనిచ్చి, దానికి రెండు వైపులా చెక్కతో వాలు కట్టించాం. స్నానాల గది గడపను మాత్రం కొట్టించేశాం.

నీది ఆడపిల్లల సమస్య కూడా గనుక ఒక మాట. చున్నీ, చీర కొంగు చక్రంలో చుట్టుకుని పడినవారు ఉన్నారు. కొంగు నడుముకు దోపుకో, చున్నీని వెనక ముడి వేసుకో, లేదా చక్రాల పక్కన బట్ట పోకుండా అడ్డు పలకలు పెట్టించుకో. సీటు కింద చిన్న సంచీలో ఒక జత బట్టలు, ప్యాడ్లు, ప్లాస్టిక్ కవరు, అదనపు యూరిన్ బ్యాగు, ముదురు రంగు శాలువా ఉండనివ్వు. బట్టలు తడిస్తే ముందు శాలువా ఒళ్ళో వేసుకుని, ఆ తర్వాత మిగతా విషయాలు చూసుకోవచ్చు.

మీ అమ్మగారి భయం సంగతి. తల్లి భయానికి మాటలతో జవాబు చెప్పలేవు, చూపించాలి. ఆమె ఎదుటే నేల మీదికి దిగి, పీట మీదికి, స్టూలు మీదికి, కుర్చీలోకి ఎక్కి చూపించు. రాలేకపోతే నిన్ను ఎలా ఎత్తాలో ఆమెకూ అన్నయ్యకూ నేర్పు. పడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసినప్పుడు భయం కొంత పనిలోకి మళ్ళుతుంది. మేము ఒక ఒప్పందం చేసుకున్నాం: బయటికి వెళ్ళినప్పుడు వాట్సాప్‌లో ఉన్న చోటు కనబడేలా పెడతాడు, చేరవలసిన సమయం దాటితే తప్ప మేము ఫోన్ చేయం. ఆ రెండో సగం పాటించడమే మాకు కష్టమైనది.

జవాబు: న్యూజెర్సీ నుంచి

ఇక్కడ 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం వల్ల కాలిబాటల చివర వాలు ఉంటుంది, అయినా పడటం ఉంటుంది. చలికాలంలో ఆ వాలు మీదే మంచు గడ్డకడుతుంది. తేడా ఏమిటంటే, దెబ్బ తగలలేదు, లేపడానికి మాత్రమే సాయం కావాలని 911కి చెబితే చాలా ఊళ్ళలో అగ్నిమాపక సిబ్బంది వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి వెళతారు. ఎలా ఎత్తమంటారని ముందు మనల్నే అడుగుతారు.

నేను చేర్చదలచినవి రెండు. నడుము బెల్టు గురించి ఎవరూ చెప్పలేదు. స్పాజమ్‌లతో జారిపోయేవారికి అది మేలు చేస్తుంది, ముందుకు ఎగిరిపడకుండా ఆపుతుంది. కానీ బెల్టుతో పడితే కుర్చీతో సహా పడతాం, కాబట్టి ఒంటి చేత్తో విప్పగలిగే బెల్టే పెట్టుకోవాలి. రెండోది, ఫోన్ కుర్చీ సంచీలో ఉంటే పడినప్పుడు అది ఆరడుగుల దూరంలో మోగుతూ ఉంటుంది. మెడలో వేలాడే పర్సులోనో, జేబులోనో, ఒంటి మీదే ఉండాలి. పవర్ బటన్‌ను వెంటవెంటనే నొక్కితే ఇంటివారికి కబురు వెళ్ళే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది, సెట్టింగుల్లో పెట్టుకోండి. భారతదేశంలో అత్యవసర నంబరు 112.

ప్రశ్న అడిగినవారు: ఒంగోలు టీచరు

అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని సాధన మొదలుపెట్టాను. పీట మీదికి, స్టూలు మీదికి చేరగలుగుతున్నాను. స్టూలు నుంచి సీటు మీదికి మాత్రం అన్నయ్య మోకాళ్ళు పట్టుకోవాల్సి వస్తోంది. ఫిజియోథెరపిస్టు గారు చెప్పినట్టు కాళ్ళు పోల్చి చూసుకున్నాను, వాపు లేదు.

ఇంకొక సందేహం. మా బడి వరండా నేల కన్నా ఒకటిన్నర అడుగుల ఎత్తులో ఉంది. దానికి కట్టిన ర్యాంపు ఆరడుగులు కూడా లేదు, బండ్లు ఎక్కించుకోవడానికి కట్టినట్టుంది. నన్ను స్టాఫ్ రూములో కూర్చోమనడానికి ప్రధానోపాధ్యాయులు చూపించే కారణం కూడా అదే. దీన్ని మార్చమని అడగవచ్చా? ఈలోగా దాన్ని దిగడం ఎలా?

జవాబు: హైదరాబాద్ నుంచి

నిస్సందేహంగా అడగవచ్చు. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదన్నది ప్రమాణం. ఒకటిన్నర అడుగుల ఎత్తుకు కనీసం పద్దెనిమిది అడుగుల పొడవు కావాలి. స్థలం చాలకపోతే మధ్యలో చదునైన మలుపు పెట్టి తిప్పి కట్టవచ్చు, రెండు వైపులా కడ్డీలు ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 20 ప్రకారం ప్రభుత్వ సంస్థ తన దివ్యాంగ ఉద్యోగులకు అవసరమైన సదుపాయాలనూ, అడ్డంకులు లేని వాతావరణాన్నీ కల్పించాలి; విద్యాసంస్థల భవనాలు పిల్లలకు అందుబాటులో ఉండాలని సెక్షన్ 16 చెబుతోంది. ప్రధానోపాధ్యాయుల ద్వారానే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. కొలతలు, ఫొటోలు జతచేయండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆయన మీ మంచి కోరేవారే అంటున్నారు గనుక, ర్యాంపు కోసం పైకి రాయడానికి ఆయనకు ఈ కాగితం ఒక ఆధారమవుతుంది. స్పందన లేకపోతే సెక్షన్ 23 కింద నియమించిన ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయవచ్చు.

అప్పటిదాకా ఆ వాలు మీద ఒంటరిగా దిగవద్దు. పెద్దవాళ్ళు ఒకరు మీ కుర్చీ వెనుక పిడులు పట్టుకుని, మీ ముఖం వరండా వైపు ఉండగా తాము వెనక్కి నడుస్తూ మిమ్మల్ని దింపాలి. మీరు కాస్త ముందుకు వంగి, చక్రాల రింగుల మీద చేతులు ఆనించి వేగాన్ని అదుపు చేయాలి. పిల్లలు ఎంత ఉత్సాహపడినా ఈ పని వారికి అప్పగించవద్దు. బయలుదేరే ముందు టైర్లలో గాలి చూసుకోండి. టైరు మెత్తబడితే బ్రేకు దాన్ని గట్టిగా నొక్కలేదు, కుర్చీ జరిగిపోతుంది. మంచం మీదికి మారేటప్పుడు పడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. గాలి సైకిలు షాపులోనే కొట్టించవచ్చు. అక్కడికి వెళ్ళినప్పుడే ముందు చిన్న చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీయించి, వాటి బోల్టులు బిగించమనండి. వెనుక చక్రాలు ఊడదీసే రకమైతే, పెట్టిన ప్రతిసారీ పిన్ను పూర్తిగా పడిందో లేదో చక్రాన్ని బయటికి లాగి చూడండి.